బల్లమీది యుద్ధం – డబ్బాలో పడ్డ సైనికులు

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా రాయవలసిందిగా మన కార్యదర్శిగారు కోరినప్పుడు, బొగ్గు గనుల గురించో, కాజీపేట–బల్లార్షా రైలు మార్గం గురించో రాద్దామనుకున్నాను. అవి మన సభ్యులకు నాకంటె బాగా తెలుసు. ఈ వేసవి సెలవుల్లో ఒక ఆదివారం మన హాలులోనే జరిగిన ఒక ఆట నన్ను వేరే దారి పట్టించింది. ఆనాడు వచ్చినవారికి ఆ సంగతి జ్ఞాపకం ఉండే ఉంటుంది. రానివారి కోసం ముందుగా అది చెప్పి, తర్వాత చరిత్రలోకి వెళ్తాను.

సెలవులకు వచ్చిన మనవలు, మనవరాళ్ళు కలిసి 'టేబుల్ మీద యుద్ధం' ఆడతామని హాలు అడిగారు. హైదరాబాదులో చదువుకునే మా మనవడు వాళ్ళకు పెద్ద. మన రెండు బల్లలూ దగ్గరికి జరిపి, పైన ఆకుపచ్చ దుప్పటి పరిచి, దాని కింద పాత పుస్తకాలు పెట్టి గుట్టలు చేశారు. నీలిరంగు రవికెగుడ్డ చింపి వాగు చేశారు. అట్టపెట్టెతో ఒక కోట కట్టారు. మన బొక్కలగుట్ట దగ్గరి గాంధారి ఖిల్లా లాగా ఉండాలని ఒక పాప పట్టుబట్టింది. బొటనవేలంత ప్లాస్టిక్ సిపాయిలు, గుర్రాలు రెండు వందల దాకా ఉన్నాయి. చదరంగానికి ఉన్నట్టు గడులు లేవు. దర్జీ టేపుతో కొలిచి, కాలిబంటు ఇన్ని అంగుళాలు, గుర్రం ఇన్ని అంగుళాలు అని నడిపిస్తారు. దెబ్బ తగిలిందీ లేనిదీ పాచిక చెబుతుంది. పడిపోయిన బొమ్మను తీసి ఒక ఖాళీ బిస్కట్ డబ్బాలో వేస్తారు.

ఏ యుద్ధం ఆడాలన్న దగ్గర కొంత చర్చ జరిగింది. పిల్లలు జోడేఘాట్ అన్నారు. 1940లో కొమురం భీం తన వాళ్ళతో నిజాం పోలీసులను ఎదిరించి నేలకొరిగిన చోటు మనకు దూరమేమీ కాదు. కెరమెరి వైపు నుంచి వచ్చి మన ఊళ్ళో స్థిరపడ్డ గోండు ఉపాధ్యాయుడు, మన సంఘ సభ్యుడే, అక్కడ కూర్చుని ఉన్నారు. ఆయన మెల్లగా "వద్దు బిడ్డా. అక్కడ పడ్డవాళ్ళ పేర్లు మా ఇండ్లల్ల ఇంకా తలుచుకుంటం. వాళ్ళను పాచిక వేసి మళ్ళ పడగొట్టుడు నేను చూడలేను" అన్నారు. పిల్లలు మారు మాట్లాడలేదు. ఎనిమిది వందల ఏళ్ళ నాటిది కాబట్టి ఎవరికీ నొప్పి ఉండదని పల్నాటి యుద్ధానికి ఒప్పుకున్నారు. నాగులేరు ఎలాగూ రవికెగుడ్డతో తయారై ఉంది.

మధ్యాహ్నానికి బిస్కట్ డబ్బా నిండింది. అప్పుడే మన సభ్యుడొకరు, కొన్నాళ్ళు మిలిటరీలో చేసి తర్వాత మన డిపార్టుమెంటులో అటెండరుగా చేసినాయన, డబ్బా చేతిలోకి తీసుకుని గలగల ఆడించి, "సారూ, దీన్ల పడ్డోళ్ళ లెక్క ఎవలు రాసుకుంటున్నరు?" అని నన్నడిగాడు. నవ్వుతూనే అడిగాడు. నాకు మాత్రం ఆ ప్రశ్న పోలేదు. ముప్పై ఏళ్ళకు పైగా రిజిస్టర్లు రాసినవాణ్ణి. ఆ రోజు నుంచి ఈ ఆట పుట్టుపూర్వోత్తరాలు చదువుతూ వచ్చాను. తెలిసినంత మనవి చేస్తాను.

చతురంగ బలాల లెక్క

ఇదేదో పరదేశపు పిల్లల ఆట అని మనలో కొందరు ఆనాడు చప్పరించారు. దీనికి తల్లివేరు మన దేశంలోనే ఉంది. రథ, గజ, తురగ, పదాతులు నాలుగూ కలిస్తే చతురంగ బలం. ఆ సైన్యాన్ని బల్ల మీదికి దింపితే చతురంగం అనే ఆట అయింది. ఏడవ శతాబ్దంలో బాణుడు రాసిన హర్షచరిత్రలోనే ఈ ఆట ప్రస్తావన ఉంది. ఇక్కడి నుంచి పర్షియాకు వెళ్ళి చత్రంగ్ అయింది, అరబ్బుల చేతికి వెళ్ళి షత్రంజ్ అయింది, అటు నుంచి యూరపు చేరింది. ప్రయాణంలో పేర్లు తారుమారయ్యాయి. మొదట మూలగడిలో ఉన్నది రథం. ఇప్పుడు మనం మూలనున్నదాన్ని ఏనుగు అంటాం, లోపలిదాన్ని శకటు అంటాం. స్పెయిన్ వాళ్ళు మాత్రం మన శకటును ఇప్పటికీ 'అల్‌ఫిల్' అంటారు. అరబ్బీలో 'ఫీల్' అంటే ఏనుగు. ఒక సర్వీసు రిజిస్టరు పది ఆఫీసులు తిరిగితే పేరు, ఇంటిపేరు ఏమవుతాయో మనకు తెలియనిది కాదు.

సైన్యాన్ని లెక్కగట్టడంలో మనవాళ్ళు చాలా ఖచ్చితం. ఒక రథం, ఒక ఏనుగు, మూడు గుర్రాలు, అయిదుగురు కాలిబంట్లు కలిస్తే ఒక పత్తి. అక్కడి నుంచి హెచ్చవేసుకుంటూ పోతే ఒక అక్షౌహిణిలో 21,870 రథాలు, 21,870 ఏనుగులు, 65,610 గుర్రాలు, 1,09,350 మంది కాలిబంట్లు. కురుక్షేత్రానికి వచ్చినవి కౌరవులవి 11, పాండవులవి 7, మొత్తం 18 అక్షౌహిణులు. ఇది వచ్చినవారి లెక్క. హాజరుపట్టీ అన్నమాట.

పోయినవారి లెక్క కూడా భారతంలో ఉందని చాలామంది గమనించరు. యుద్ధం అయిపోయాక, స్త్రీపర్వంలో, ధృతరాష్ట్రుడు ధర్మరాజును ఎంతమంది చనిపోయారని అడుగుతాడు. ధర్మరాజు 166 కోట్ల 20 వేల మంది అని చెబుతాడు. పైగా కనబడకుండా పోయినవారు 24,165 మంది అని విడిగా చెబుతాడు. పద్దెనిమిది అక్షౌహిణుల మొత్తానికీ ఈ అంకెకూ పొంతన కుదరదు. గుమాస్తా కళ్ళతో చూస్తే ఇది ఆడిట్ అభ్యంతరమే. పండితులు దానికి ఏ సమాధానం చెబుతారో చెప్పనివ్వండి. నన్ను ఆపిన సంగతి వేరే. అంకె విన్న తర్వాత ముసలిరాజు, అయినవాళ్ళు ఉన్నవారి సంగతి సరే, ఎవరూ లేనివారికి దహనం ఎవరు చేస్తారని అడుగుతాడు. ధర్మరాజు విదురుణ్ణీ, సంజయుణ్ణీ, పురోహితుడు ధౌమ్యుణ్ణీ పిలిచి దిక్కులేనివారందరికీ సంస్కారాలు జరగాలని ఆజ్ఞాపిస్తాడు. గెలిచిన రాజు జారీ చేసిన మొదటి ఉత్తరువుల్లో ఇదొకటి. చదరంగం బల్ల పర్షియాకు వెళ్ళినప్పుడు ఈ పర్వం మాత్రం దాని వెంట వెళ్ళలేదు.

మేకల వైపు నుంచి

ఆనాడు పిల్లలు పల్నాడు ఆడుతుంటే మన పెద్దలు ఊరుకోలేదు. వరండాలో బొగ్గుముక్కతో పులి–మేక గీశారు. బెల్లంపల్లిలో సుద్దముక్క దొరకకపోవచ్చుగాని బొగ్గుముక్కకు కరువేముంది? పై నుంచి కిందికి దిగే గీతలు, వాటిని అడ్డంగా కోసే గీతలు, మొత్తం 23 చోట్లు. ఒకరికి మూడు పులులు, మరొకరికి పదిహేను మేకలు. పులులకు గులకరాళ్ళు, మేకలకు చింతగింజలు. పులి మేకను దాటి అవతలి ఖాళీలోకి దూకితే మేక చచ్చినట్టు. మేక ఎవరినీ చంపలేదు. మేకలు చేయగలిగింది ఒక్కటే: ఒకదాని వెనుక ఒకటి ఆనుకుని నిలబడి, పులి దూకడానికి చోటు లేకుండా చేయడం. పులులు కదలలేకపోతే మేకలు గెలిచినట్టు.

చదరంగంలో రెండు వైపులా సమాన బలం. పదహారుకు పదహారు. అది రాజుల ఆట. లోకంలో జరిగిన యుద్ధాలు ఎప్పుడూ అలా సమానంగా జరగలేదు. పులి–మేకలో ఒకవైపు బలం, మరొకవైపు సంఖ్య. ఒకవైపు దూకుడు, మరొకవైపు ఓర్పు. ఈ ఆట కనిపెట్టినవాడెవడో మేకల పక్కన కూర్చుని ఉండాలని నా నమ్మకం. అడవికి, నేలకు, నీటికి పోరాడిన మన ప్రాంతం చరిత్ర తెలిసినవారికి దీని సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఇందులోనూ ఒక లోటు ఉంది. గెలిచినా ఓడినా, చచ్చిన చింతగింజలను మళ్ళీ గుప్పిట్లో కలిపేసుకుంటాం. ఏది ముందు పోయిందో, ఏది ఎవరికోసం అడ్డుపడిందో గుర్తుండదు. మన మిలిటరీ మిత్రుడు ఆనాడు మూడాటలు ఆడాడు. మూడింటిలోనూ మేకలే అడిగి తీసుకున్నాడు.

జర్మనీలో పుట్టిన కొత్త ఆట

పిల్లలు ఆడిన ఆటకు, అంటే గడులు లేకుండా కొలతలతో, పాచికలతో ఆడేదానికి, ప్రష్యా దేశంలో రైస్‌విట్జ్ అనే తండ్రీకొడుకులు రూపం ఇచ్చారు. 1780 ప్రాంతంలో హెల్విగ్ అనే జర్మన్ పండితుడు చదరంగాన్నే పెంచి యుద్ధపుటాట చేశాడు. అది గడుల్లోనే ఉండిపోయింది. తండ్రి రైస్‌విట్జ్ గడులు తీసేసి, కొండలు, నదులు, ఊళ్ళు అమర్చుకునే ఒక పెద్ద బల్ల తయారుచేయించి 1812లో ప్రష్యా రాజుకు చూపించాడు. కొడుకు సైనికాధికారి. ఆయన 1824లో దాన్ని 1:8000 కొలతలో గీసిన పటాల మీదికి తెచ్చాడు. ఎరుపు, నీలం రంగుల దిమ్మెలే దళాలు. ఒక్కొక్క ఎత్తు రెండు నిమిషాల కాలానికి సమానం. ఫలితం పాచిక మీద, పట్టికల మీద ఆధారపడుతుంది. అన్నిటికీ మించి మధ్యవర్తి ఉంటాడు. శత్రువు ఎక్కడున్నాడో ఆటగాడికి కనబడదు. మధ్యవర్తి చెప్పినంతే తెలుస్తుంది. ఏ దళానికి ఎంత నష్టమో మధ్యవర్తి ఎప్పటికప్పుడు ఒక పట్టికలో గుర్తుపెట్టుకుంటాడు. చదివినప్పుడు సంతోషించాను. లెక్క రాసుకునేవాడు దొరికాడు కదా!

అప్పటి సేనా ప్రధాన కార్యాలయపు అధిపతి మ్యూఫ్లింగ్, మొదట ఏదో ఆటలే అన్నట్టు కూర్చుని, ఆట నడుస్తున్నకొద్దీ ఉత్సాహపడి, ఇది సైనికాధికారులకు శిక్షణ అని మెచ్చుకుని సైన్యమంతటికీ సిఫారసు చేశాడు. అయితే మెప్పు ఉన్నచోట అసూయ ఉంటుంది. కుర్ర అధికారిని రాజధాని నుంచి దూరంగా ఒక కోట ఊరికి బదిలీ చేశారు. దాన్ని శిక్షగా భావించి, మనసు విరిగి, 1827లో తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆయన పోయిన నాలుగు దశాబ్దాలకు, 1866లోనూ 1870–71లోనూ ప్రష్యా వరుసగా యుద్ధాలు గెలిచాక, మిగతా దేశాల సైన్యాలు ఆ ఆటను వెదికి మరీ తెచ్చుకున్నాయి. బదిలీ ఉత్తరువు మనిషిని ఎంత లోతుగా కోయగలదో మన సభ్యుల్లో చాలామందికి తెలుసు.

బొమ్మలు, మనుషులు

సైన్యం ఆటను ఇంట్లో పిల్లల ఆటగా మార్చి ప్రచారం చేసినవాడు ఆంగ్ల రచయిత హెచ్.జి.వెల్స్. సీసపు బొమ్మ సిపాయిలతో, స్ప్రింగు ఫిరంగులతో నేల మీద ఎలా ఆడాలో నియమాలు రాసి 1913లో 'లిటిల్ వార్స్' అనే చిన్న పుస్తకం వేశాడు. నేటి బల్లమీది యుద్ధాలన్నిటికీ ఈ పుస్తకాన్నే ఆది గ్రంథంగా చెప్పుకుంటారు. చిత్రమేమంటే పుస్తకం చివర ఆయన చెప్పింది యుద్ధం వద్దనే. నాలుగుసార్లు నేల మీద ఆడి చూస్తే, అసలు యుద్ధం ఎంత తెలివితక్కువ పనో పెద్దలకు అర్థమవుతుందని, చంపుకోకుండా ఇక్కడే తేల్చుకోమని ఆయన వాదన. పెద్దలు వినలేదు. ఏడాది తిరగ్గానే 1914 ఆగస్టులో ప్రపంచ యుద్ధం వచ్చింది.

ఆ యుద్ధంలోకి మన దేశం నుంచి 13 లక్షల మంది వెళ్ళారు. 70 వేలకు పైగా తిరిగి రాలేదు. హైదరాబాద్ కంటింజెంటు నుంచి పుట్టిన దక్కన్ హార్స్ రెజిమెంటు 1916 జూలై 14న ఫ్రాన్సులో సోమ్ యుద్ధరంగాన హైవుడ్ అనే అడవి దగ్గర బల్లేలు పట్టుకుని గుర్రాల మీద దూసుకుపోయింది. ఎదుట మరఫిరంగులు ఉన్న కాలం అది. పిల్లల బల్ల మీద గుర్రానికి ఎక్కువ అంగుళాలు ఇచ్చినందువల్ల ఎప్పుడూ గుర్రమే గెలిచేది. అది చూసి మన మిలిటరీ మిత్రుడు "గుర్రం ఉరికితే బాగనే ఉంటది, తుపాకి తగిలినంక లేస్తదా?" అన్నాడు. ఫ్రాన్సులో నవ్‌షాపెల్ వద్ద 1927లో కట్టిన భారతీయుల స్మారకం మీద 4,700కు పైగా పేర్లు ఉన్నాయి. ఎక్కడ పడ్డారో, ఎక్కడ పూడ్చారో తెలియనివారి పేర్లు అవి. ఢిల్లీలో 1931లో ప్రారంభించిన ఇండియా గేటు మీద 13 వేలకు పైగా పేర్లు చెక్కారు. మనం ఢిల్లీ వెళ్ళినప్పుడు దాని ముందు ఫోటో దిగుతాం. పేరు ఒక్కటైనా చదివామా? నేనూ చదవలేదు.

దిద్దిన అంకె, దిద్దని అంకె

ఇక గుమాస్తాలందరూ తెలుసుకోవలసిన రెండు ఉదాహరణలు చెబుతాను. రెండూ 1942 నాటివే.

జపాను నౌకాదళం పసిఫిక్ సముద్రంలోని మిడ్‌వే దీవి మీదికి వెళ్ళేముందు, మే నెలలో, యమాటో అనే యుద్ధనౌకలో ఆ దాడిని బల్ల మీద ఆడి చూసింది. పాచిక వేస్తే శత్రు విమానాల బాంబులు తొమ్మిది తగిలినట్టు, అకాగి, కాగా అనే రెండు విమానవాహక నౌకలు మునిగినట్టు వచ్చింది. మధ్యవర్తిగా ఉన్న అడ్మిరల్ ఉగాకి ఆ తొమ్మిదిని మూడుగా దిద్దించాడు. అకాగి కొద్దిగా దెబ్బతిన్నట్టు, కాగా మాత్రం మునిగినట్టు రాశారు. తర్వాతి ఆటకు ఆ కాగా కూడా మళ్ళీ తేలి వచ్చి పాల్గొంది! ఈ సంగతి అక్కడే ఉన్న ఫుచిదా అనే అధికారి యుద్ధం తర్వాత రాశాడు. జూన్ 4న అసలు యుద్ధం జరిగింది. అకాగి, కాగా, వాటితో పాటు మరో రెండు విమానవాహక నౌకలు పోయాయి. 3 వేల మందికి పైగా జపాను నావికులు చనిపోయారు. పైవారి మనసు నొచ్చుకోకుండా దిద్దిన అంకె ఎంతకు తెగిందో చూడండి. 'ఈ స్టేట్‌మెంటు ఇలా పైకి పంపితే బాగుండదు, కొంచెం సర్దవయ్యా' అన్న మాట మనమూ విన్నవాళ్ళమే. మన సర్దుబాట్లకు ఓడలు మునగలేదు, అంతే తేడా.

అదే ఏడాది ఇంగ్లండులోని లివర్‌పూల్ ఓడరేవులో ఇంకో ఆట నడిచింది. జర్మన్ జలాంతర్గాములు ఆహారం, నూనె తెచ్చే ఓడల బారులను ముంచేస్తున్నాయి. క్షయ వ్యాధి వల్ల నౌకాదళం నుంచి రిటైరై ఇంట్లో ఉన్న గిల్బర్ట్ రాబర్ట్స్ అనే అధికారిని పిలిచి, కారణం కనిపెట్టమన్నారు. ఆయన ఒక గది నేల మీద గడులు గీయించి, చెక్క ఓడలు పెట్టించి, సుద్దముక్కలతో దారులు గీయించాడు. ఆటగాళ్ళుగా వచ్చే అధికారులు తెర వెనుక కూర్చుని చిన్న కంతలోంచి తమ ఓడకు కనిపించేంత మేరే చూడాలి. ఆట నడిపినవారు ఇరవై ఏళ్ళు అటూ ఇటూ ఉన్న ఆడపిల్లలు. సముద్రంలో ఓడ నడిపినవారు వాళ్ళలో ఎవరూ లేరు. జలాంతర్గామి బయటి నుంచి కాల్చడం లేదనీ, వెనుక నుంచి ఓడల బారు మధ్యలోకి దూరి లోపలి నుంచి కాలుస్తున్నదనీ వాళ్ళు నేల మీద ఆడి తేల్చారు. దానికి విరుగుడు తయారుచేసి, యుద్ధం ముగిసేనాటికి సుమారు 5 వేల మంది అధికారులకు నేర్పారు. ఎందరో నావికులు బతికి ఇళ్ళకు చేరారు.

రెండూ ఆటలే. ఒకచోట ఫలితం నచ్చక అంకె మార్చారు. మరొకచోట ఫలితం నచ్చకపోయినా అంకెను నమ్మి పద్ధతి మార్చుకున్నారు. ఆట మంచిదా చెడ్డదా అని అడిగేవారికి నా సమాధానం ఇదే: లెక్క రాసేవాడు నిజం రాస్తే మంచిది.

కారంపూడి పద్ధతి

అయినా మన మిత్రుడి ప్రశ్నకు పూర్తి జవాబు ప్రష్యాలోనూ దొరకలేదు, లివర్‌పూల్‌లోనూ దొరకలేదు. మధ్యవర్తి పట్టికలో ఉన్నది దళానికి ఎంత తగ్గిందన్న అంకె. ఎవరు తగ్గారన్నది లేదు. జవాబు పిల్లలు ఆ రోజు బల్ల మీద పెట్టిన పల్నాడులోనే ఉంది.

పల్నాటి కథ అంతా ఆటతోనే మొదలవుతుంది. 12వ శతాబ్దం చివరి భాగంలో నలగామరాజు పక్షాన నాగమ్మ, మలిదేవరాజు పక్షాన బ్రహ్మనాయుడు కోడిపందెం వేశారు. ఓడినవారు ఏడేళ్ళు రాజ్యం విడిచిపోవాలని పందెం. పసివాడైన బాలచంద్రుడు బొంగరాలు ఆడుకుంటుండగా, అది ఒకామెకు తగిలి, ఆమె అన్న మాటతో రోషపడి యుద్ధానికి బయలుదేరాడంటారు. కోడి, బొంగరం, చివరికి నాగులేటి ఒడ్డున కారంపూడి రణభూమి. శ్రీనాథుడు దీన్ని పల్నాటి వీరచరిత్రగా కావ్యం చేశాడు. అంతకంటె గొప్ప సంగతి, ఆ ఊరివాళ్ళు దీన్ని నేటికీ ఏటేటా జరుపుతారు. కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. ఒక్కొక్క రోజు కథలోని ఒక్కొక్క ఘట్టం. దూరదూరాల నుంచి వీరాచారవంతులు తమ వంశంలో వచ్చిన ఆయుధాలు పట్టుకుని వస్తారు. నాగులేట్లో వాటికి స్నానం చేయిస్తారు. అరవై ఆరుగురు వీరనాయకులని చెప్పుకుంటారు. మాల కులంవాడైన కన్నమదాసు సేనానిగా ఆ వరుసలోనే ఉంటాడు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవారిని ఒకే చాపమీద కూర్చోబెట్టి పెట్టిన కూడును కూడా ఆ రోజుల్లో తలచుకుంటారు.

ఒక యుద్ధాన్ని మళ్ళీ ఆడి చూపించడమే ఇదీ. అయితే ఇక్కడ ఎవరు గెలిచారన్నది ప్రశ్నే కాదు. పందెం లేదు, పాచిక లేదు. పడ్డవారి పేరు పలకడమే పని. ఎనిమిది వందల ఏళ్ళయింది కాబట్టి నొప్పి ఉండదని మనం అనుకున్నాం. కారంపూడిలో ఆయుధం భుజాన వేసుకుని వచ్చేవారిని అడిగితే, జోడేఘాట్ గురించి మన ఉపాధ్యాయ మిత్రుడు చెప్పిన మాటే చెబుతారేమో. ఆ సంగతి ఆ రోజు నాకు తట్టలేదు.

నా తప్పు ఒకటి

నా సొంత విషయం ఒకటి చెప్పకుండా ఈ వ్యాసం ముగించడం న్యాయం కాదు. సర్వీసులో ఉండగా కొన్నేళ్ళు పింఛనుల సీటు చూశాను. ఏ ఊళ్ళో అన్నది ఇక్కడ అనవసరం. 1971 యుద్ధంలో భర్త పోయిన ఒకామె ప్రతి ఏటా బతికి ఉన్నట్టు సంతకం పెట్టడానికి, అంటే వేలిముద్ర వేయడానికి, వచ్చేది. ఒక ఏడాది కాగితాలు చూస్తుంటే ఆమె పేరులో ఒక అక్షరం తేడా కనబడింది. పింఛను ఉత్తరువులో 'శ', రేషను కార్డులో 'చ'. ఇంగ్లీషులో రాసి మళ్ళీ తెలుగులోకి దింపినప్పుడు వచ్చే తేడా అని నాకు తెలుసు. తెలిసి కూడా, ఆడిట్ భయానికి, ఇద్దరూ ఒకరేనని ధృవపత్రం తెమ్మన్నాను. తెచ్చేసరికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ డబ్బు ఆగింది. నిబంధన ప్రకారం నేను చేసింది తప్పు కాదని ఈనాటికీ వాదించగలను. అదే నా తప్పు.

కాగితం తెచ్చిన రోజు ఆమె నన్ను తిట్టలేదు. బల్ల మీద రిజిస్టరు వైపు చూసి, "నా పేరు ఎట్ల రాసుకున్నా సరే గని సారూ, ఆయన పేరు సరిగ్గ రాసిండ్రా? ఒక్కసారి సదివి ఇనిపియ్యి" అంది. చదివాను. అతని పేరు, నంబరు, రెజిమెంటు, తేదీ. ఆమె తల ఊపి, "సరిగ్గనే ఉంది" అని వెళ్ళిపోయింది. ఆ మరుసటి ఏడాది నుంచి ఆమె వచ్చినప్పుడల్లా, వేలిముద్ర వేయించేముందు, అడగకుండానే ఆ ఒక్క వరుస చదివి వినిపించేవాణ్ణి. ఆ సీటులో ఉన్నన్నాళ్ళూ నేను చేసిన పనుల్లో నాకు మిగిలింది అదొక్కటే అనిపిస్తుంది.

ఒక సూచన

పిల్లలు ఈ ఆట ఆడకూడదని నేననను. మన దేశంలో పుట్టిన చదరంగమే పక్కనున్న వరంగల్లు కుర్రవాడు అర్జున్ ఇరిగైసిని 2024లో 2800 రేటింగు దాటించింది. అంతకు ముందు ఆ మెట్టు ఎక్కిన భారతీయుడు విశ్వనాథన్ ఆనంద్ ఒక్కడే. కోనేరు హంపి 2019లోనూ, మళ్ళీ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ విజేత అయింది. బల్ల ముందు కూర్చుని ముందుచూపు నేర్చుకోవడం మంచిదే. సెల్‌ఫోన్లు పక్కన పెట్టి తాతలు, మనవలు ఒకే బల్ల చుట్టూ ఒక పూట గడిపారు. అంతకంటె ఏం కావాలి?

అయితే వచ్చే వేసవిలో మళ్ళీ ఆడేటప్పుడు బిస్కట్ డబ్బా పక్కన ఒక నోటుబుక్కు కూడా పెట్టాలని కార్యవర్గానికి మనవి. ఆట మొదలయ్యేముందు ప్రతి బొమ్మకూ పిల్లలే ఒక పేరు, ఒక ఊరు రాయాలి. బొమ్మ పడినప్పుడు, డబ్బాలో వేసేముందు, ఆ పేరు పైకి చదవాలి. ఆట కొంత ఆలస్యమవుతుంది. కానివ్వండి. గీతలు కొట్టి రూళ్ళు వేసే పని నేను చేస్తాను. ఈ మాట మన మిలిటరీ మిత్రుడితో అంటే, కాసేపు ఆలోచించి, "రాయిన్రి సారూ. కని చదువుడు మాత్రం నాకియ్యిన్రి" అన్నాడు.

ఇచ్చాను. మా మనవడికి ఫోను చేసి చెబితే, "రెండు వందల పేర్లు కావాలి తాతయ్యా, అన్ని ఎక్కడి నుంచి తెస్తాం?" అని అడిగాడు. సెలవులకు రమ్మన్నాను. వచ్చాక కూర్చుని రాసుకుంటాం.